నీలంలో లేదు, ఎరుపులో ఉంది

ఈ అధ్యాయం రాస్తూ నా బల్ల మీద ఒక కాగితం పెట్టుకున్నాను. దాని మీద ఒకే వరుసలో ఏడు చిన్న చదరాలు ఉన్నాయి. ఖగోళ శాస్త్రజ్ఞులు వీటిని తపాలా బిళ్ళలంటారు. ఆకాశంలో ఒకే ఒక్క చోటును ఏడు ఫిల్టర్ల గుండా విడివిడిగా తీసిన ఫొటోలు ఇవి. ఎడమ చివరిది మన కన్ను పట్టగల ఎరుపు దాటగానే వచ్చే కాంతిలో తీసింది. అక్కణ్ణించి కుడికి పోయేకొద్దీ ఇంకా ఇంకా పొడుగు అలల కాంతి.

మొదటి చదరం మధ్యలో ఏమీ లేదు. ఏమీ లేదంటే నున్నటి నలుపు అని కాదు, నువ్వులూ గసగసాలూ కలిపి చల్లినట్టు చుక్కల గందరగోళం. కాస్త పక్కగా మాత్రం ఓ గెలాక్సీ స్పష్టంగా వెలుగుతోంది. రెండో చదరం, మూడో చదరం కూడా అంతే. నాలుగోదానిలో మధ్యన చుక్కలు కొంచెం చిక్కబడ్డాయేమోనని అనుమానం. ఐదోదానిలో ఆ అనుమానం తీరిపోతుంది. ఆరు, ఏడు చదరాల్లో, అద్దానికి నూనె వేలు ఆనించి తీసినట్టు, చిన్న మెత్తటి మచ్చ. పక్కనున్న గెలాక్సీ ఏడింటిలోనూ ఉంది. మధ్యది మాత్రం మొదటి మూడింటిలో లేదు, చివరి మూడింటిలో ఉంది.

ఆ మచ్చ నుంచి కాంతి బయల్దేరేనాటికి విశ్వానికి 30 కోట్ల ఏళ్ళు కూడా నిండలేదు. ఇప్పుడు విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు. నిండా నూరేళ్ళు బతికిన మనిషి జీవితంలో అది రెండేళ్ళు దాటిన పసితనం అన్నమాట.

ఇంత మాట ఏడు చదరాల వల్ల ఎలా తెలిసింది? తెలిసిందంటే ఎంతవరకు నమ్మాలి? నాకు ఈ రెండో ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది. అతి దూరపు గెలాక్సీలను వెతికేవాళ్ళ పనిలో చూడడం కొంతే, చూసినదాన్ని అనుమానించడమే ఎక్కువ. ఆ అనుమానం ఎంత ఓపికతో, ఎంత నిజాయితీతో సాగుతుందో తెలిస్తే తప్ప ఈ మచ్చ విలువ అర్థం కాదు.

దూరం చూడడమంటే గతం చూడడమే. కార్తీక మాసంలో రాత్రి తొమ్మిది గంటల వేళ, దీపాలు లేని ఊళ్ళో డాబా ఎక్కి పైకి చూడండి. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు నాలుగూ కలిసి పెద్ద చతురస్రంగా కనిపిస్తాయి. దాని ఈశాన్యపు మూల నుంచి ఉత్తరంగా కాస్త జరిగితే, కళ్ళు చీకటికి బాగా అలవాటు పడ్డాక, పొగలాంటి ఒక మసక ఆనుతుంది. అది ఆండ్రోమెడా గెలాక్సీ. దాని దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. అంటే 25 లక్షల ఏళ్ళ కిందట బయల్దేరిన కాంతి ఈ రాత్రి మన డాబా మీద దిగుతోంది. ఏ పరికరమూ లేని మనిషి కంటికి మామూలుగా అందే దూరం అదే. దాని వెనక, దాని వెనక్కి ఇంకా వెనక ఏముందో చూడాలంటే రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, వెలుగు మసకబారిపోవడం. దీనికి పెద్ద అద్దం, ఎక్కువ సేపు కాచుకునే ఓర్పు ఉంటే చాలు. రెండోది చిక్కైనది. ఫొటోలో వేల మచ్చలు పడతాయి. దూరాన ఉన్న పెద్ద గెలాక్సీ, దగ్గరున్న చిన్న గెలాక్సీ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఎంత దూరమో ఏ మచ్చా తనంతట తాను చెప్పదు.

దాన్ని చెప్పించేది హైడ్రోజన్.

విశ్వం విస్తరిస్తోంది కాబట్టి, దానిలో ప్రయాణించే కాంతి అల కూడా సాగుతుంది. నీలం ఎరుపవుతుంది, ఎరుపు పరారుణమవుతుంది. దీన్నే రెడ్‌షిఫ్ట్ అంటారు. రెడ్‌షిఫ్ట్ 3 అంటే అల పొడవు నాలుగింతలైంది, 14 అంటే పదిహేనింతలైంది. 1912లో అమెరికాలోని లోవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ మొదటిసారి ఒక గెలాక్సీ వేగాన్ని దాని వర్ణపటంలో కొలిచాడు. ఆ తర్వాతి ఏళ్ళలో ఆయన చూసినవాటిలో చాలామట్టుకు ఎరుపు వైపే జరిగి ఉన్నాయి. 1927లో బెల్జియం మతాచార్యుడు, గణితజ్ఞుడు జార్జ్ లెమైత్ర్, 1929లో ఎడ్విన్ హబుల్, ఈ జరుగుడుకీ దూరానికీ ఉన్న లంకెను బయటపెట్టారు.

ఇక ఈ అధ్యాయంలో గుర్తుంచుకోవలసిన అంకె ఒకటే: 121.6. హైడ్రోజన్ పరమాణువు అన్నిటికన్నా ఇష్టంగా మింగే కాంతి అల పొడవు 121.6 నానోమీటర్లు. మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి అది. తొలినాటి విశ్వంలో గెలాక్సీల మధ్యనున్న ఖాళీ అంతా హైడ్రోజన్ వాయువే. ఇప్పుడు ఒక పసి గెలాక్సీ నుంచి 110 నానోమీటర్ల కాంతి బయల్దేరిందనుకోండి. బయల్దేరినప్పుడు హైడ్రోజన్ దాని జోలికి పోదు. కానీ విశ్వంతోపాటు ఆ అల కూడా సాగుతుంది. 112 అవుతుంది, 118 అవుతుంది, దారిలో ఎక్కడో ఒకచోట సరిగ్గా 121.6 అవుతుంది. అక్కడున్న హైడ్రోజన్ దాన్ని పట్టుకుంటుంది. 121.6 కన్నా పొట్టిగా బయల్దేరిన ప్రతి అలకూ దారిలో ఈ గండం ఉంది. అంతకన్నా పొడుగ్గా బయల్దేరినదానికి లేదు. అందుకే అంత దూరపు గెలాక్సీ కాంతిని విడదీసి చూస్తే ఒక అంచు కనిపిస్తుంది. అంచుకు ఇటు కాంతి ఉంటుంది, అటు ఉండదు, కత్తితో కోసినట్టు. ఆ అంచు మనకు చేరేసరికి ఎక్కడికి జరిగిందో చూసి 121.6తో భాగిస్తే కాంతి ఎన్ని ఇంతలు సాగిందో తేలిపోతుంది.

కాబట్టి వెతకవలసింది వెలుగును కాదు, వెలుగు ఆగిపోయిన చోటును. ఒక మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు. నా కాగితం మీది మచ్చ 1.5 మైక్రాన్ల ఫిల్టర్‌లో లేదు, 2 మైక్రాన్ల ఫిల్టర్‌లో అరకొరగా ఉంది, ఆ తర్వాత నిండుగా ఉంది. అంటే అంచు 1.8 మైక్రాన్ల ప్రాంతంలో పడిందన్నమాట. ఇలాంటివాటిని శాస్త్రజ్ఞులు డ్రాపౌట్లు అంటారు, మన బడుల లెక్కల్లో వాడే మాటే. హాజరుపట్టీ తీసి చూసినట్టే ఉంటుంది ఈ పని. పొద్దున మూడు పీరియడ్లకు ఆబ్సెంటు, నాలుగో పీరియడ్ మధ్యలో వచ్చాడు, తర్వాత అన్నిటికీ హాజరు. ఆ పిల్లవాడు ఎంత దూరం నుంచి నడిచి వచ్చాడో హాజరుపట్టీయే చెబుతుంది.

ఈ పద్ధతి పని చేస్తుందని లోకానికి నిరూపించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు చార్ల్స్ స్టైడెల్. 1990ల మొదట్లో ఆయన, ఆయన తోటివారు అతినీలలోహిత ఫిల్టర్‌లో మాయమై, ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్లలో కనిపించే మచ్చలను ఏరారు. 1996లో హవాయిలోని పది మీటర్ల కెక్ టెలిస్కోప్‌తో వర్ణపటాలు తీసి, అవి నిజంగానే రెడ్‌షిఫ్ట్ 3 దగ్గరివని చూపించారు. అంతకుముందు అంత దూరాన క్వేజార్లు, ఏవో కొన్ని వింత వస్తువులు తప్ప మామూలు గెలాక్సీలు దాదాపు దొరకలేదు. ఉన్నపళంగా గుంపులు గుంపులుగా దొరికాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాబర్ట్ విలియమ్స్ ఒక సాహసం చేశాడు. హబుల్ టెలిస్కోప్‌ను నడిపే సంస్థకు ఆయన డైరెక్టర్. టెలిస్కోప్ సమయంలో కొంత భాగం డైరెక్టర్ ఇష్టానికి వదిలేస్తారు. ఆయన దాన్ని, సప్తర్షి మండలంలో చెప్పుకోదగ్గ నక్షత్రం గానీ గెలాక్సీ గానీ లేని ఒక ఖాళీ చోటుకు కేటాయించాడు. 1995 డిసెంబర్ 18 నుంచి పది రోజులు హబుల్ ఆ ఒక్క చోటునే చూస్తూ ఉంది. మొత్తం 342 ఫొటోలు. ఆ చోటు ఎంతంటే, ఆకాశమంతటినీ అలాంటి ముక్కలుగా కోస్తే రెండు కోట్ల నలభై లక్షల ముక్కలవుతుంది. పేరున్న శాస్త్రజ్ఞులు కొందరు వద్దని చెప్పారు. అద్దం లోపంతో పైకి వెళ్ళి నవ్వులపాలైన హబుల్‌ను వ్యోమగాములు బాగుచేసి అప్పటికి రెండేళ్ళే అయింది. ఖాళీని ఫొటో తీసి ఖాళీ చూపిస్తే లోకం ఏమంటుంది? వాళ్ళ భయం అన్యాయమేమీ కాదు.

ఫొటోలన్నీ కలిపి చూస్తే దాదాపు మూడు వేల గెలాక్సీలు. మన పాలపుంతకు చెందిన నక్షత్రాలు వాటి మధ్య పట్టుమని ఇరవై లేవు. ఆయన ఇంకో పని కూడా చేశాడు, నా దృష్టిలో ఫొటో కన్నా అదే గొప్పది. ఆ సమాచారాన్ని తన దగ్గర దాచుకోకుండా, ఎవరైనా వాడుకోవచ్చని వెంటనే లోకానికి ఇచ్చేశాడు. అప్పటి అలవాటు అది కాదు. ఈ రంగంలో పోటీ ఎంత ఉన్నా, ఒకరి కొలతను ఇంకొకరు మర్నాడే సరిచూడగలుగుతున్నారంటే అప్పుడు వేసిన ఆ దారి వల్లే.

హబుల్‌కు ఒక హద్దు ఉంది. 1.7 మైక్రాన్లు దాటిన కాంతి దానికి కనిపించదు. అంతకన్నా దూరం జరిగిన అంచును అది ఎన్నడూ పట్టలేదు. ఆ హద్దు దగ్గర జరిగిన కథ ఒకటి చెప్పాలి. 2011 జనవరిలో రిచర్డ్ బౌవెన్స్ బృందం ఒక మచ్చను ప్రకటించింది. హబుల్ ఫిల్టర్లన్నిటిలోనూ అది చిట్టచివరిదానిలో మాత్రమే కనిపించింది. ఒకే ఒక్క పీరియడ్‌కు హాజరైన పిల్లవాణ్ణి నమ్మడమెలా? రెడ్‌షిఫ్ట్ 10 ఉండవచ్చన్నారు. మరుసటి ఏడాది ఇంకా లోతుగా చూసి, 12 దగ్గర ఉండవచ్చు, కాదంటే రెడ్‌షిఫ్ట్ 2 దగ్గరి మామూలు గెలాక్సీ అయినా కావచ్చు అన్నారు. రెండు జవాబుల మధ్య వందల కోట్ల కాంతి సంవత్సరాల తేడా. తేల్చే సాధనం భూమి మీదా లేదు, ఆకాశంలోనూ లేదు. ఆ మచ్చ అలాగే, తేలకుండా, దాదాపు పన్నెండేళ్ళు ఉండిపోయింది.

2021 డిసెంబర్ 25న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి జేమ్స్ వెబ్ టెలిస్కోప్ బయల్దేరింది. ఆరున్నర మీటర్ల అద్దం, పద్దెనిమిది షడ్భుజాల కూర్పు, బెరీలియం మీద పలచటి బంగారు పూత. పరారుణ కాంతిని బంగారం బాగా తిప్పికొడుతుంది, అందుకు ఆ పూత. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, టెన్నిస్ కోర్టంత ఐదు పొరల గొడుగు నీడలో అది ఉంటుంది. గొడుగు ఎందుకంటే, పరారుణం అంటే వేడి కూడా. వెచ్చటి టెలిస్కోప్ తన వెలుగుతో తానే కళ్ళు మూసుకుంటుంది. అందుకని దాని పరికరాలు మైనస్ 230 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉండాలి.

ఈ టెలిస్కోప్‌లో నాకు అన్నిటికన్నా ముచ్చటైన భాగం అద్దం కాదు, దాని వర్ణపట పరికరంలోని తలుపులు. సుమారు రెండున్నర లక్షల బుల్లి తలుపులు, ఒక్కొక్కటి తలవెంట్రుక మందమంత వెడల్పు. ఫొటోలో ఏ మచ్చ కాంతి కావాలో, ఆ మచ్చ పడేచోట తలుపు తెరుస్తారు, మిగతావన్నీ మూసేస్తారు. తెరిచిన తలుపు గుండా వచ్చిన కాంతి ఇంద్రధనుస్సులా విచ్చుకుని పరుచుకుంటుంది. ఫిల్టర్లలో చూసి 'ఇది అంత దూరం ఉండవచ్చు' అంటే అది అభ్యర్థిత్వం మాత్రమే. ఈ తలుపు గుండా వచ్చి వర్ణపటంలో అంచు చూపిస్తేనే ఎన్నిక.

వెబ్ మొదటి ఏడాదే పాత బాకీ తీర్చింది. 2011 నాటి మచ్చకు తలుపు తెరిచి చూస్తే అంచు 1.53 మైక్రాన్ల దగ్గర, నిలువుగా, కోసినట్టు ఉంది. రెడ్‌షిఫ్ట్ 11.58 అని అప్పటి లెక్క. హబుల్ చివరి ఫిల్టర్ నడిమధ్యన ఆ అంచు పడింది. ఆ మచ్చ ఒక్క పీరియడ్‌కే ఎందుకు హాజరైందో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు రెండు గెలాక్సీల కథలు పక్కపక్కన పెట్టి చెబుతాను. ఒకదాన్ని నమ్మారు, అది అబద్ధమైంది. ఇంకోదాన్ని నమ్మలేదు, అది నిజమైంది.

2022 జులైలో వెబ్ తొలి ఫొటోలు బయటికి రాగానే, ప్రపంచమంతటా రాత్రింబవళ్ళు లెక్కలు మొదలయ్యాయి. ఎడిన్‌బరో బృందం సీర్స్ అనే పరిశీలన తాలూకు ఫొటోల్లో ఒక మచ్చను పట్టుకుంది. పేరు సీర్స్-93316. ఫిల్టర్ల లెక్క రెడ్‌షిఫ్ట్ 16.4 అని తేల్చింది. అంటే మహావిస్ఫోటం తర్వాత 25 కోట్ల ఏళ్ళు కూడా నిండని కాలం. అంత దూరానికి అది చాలా ప్రకాశంగా కూడా ఉంది. పత్రికలన్నీ దాన్నే అతి దూరపు గెలాక్సీగా రాశాయి.

కానీ కొద్ది రోజుల్లోనే ఇంకో బృందం ఒక వ్యాసం రాసింది. దాని ముందు నిలిచిన పేరు రోహన్ నాయుడు. పెట్టె తెరిచేదాకా బతికుందో చచ్చిందో తేలని ష్రోడింగర్ పిల్లిని గుర్తుచేసే శీర్షిక పెట్టి వాళ్ళు చెప్పింది ఇది: ఈ మచ్చ రెడ్‌షిఫ్ట్ 17 దగ్గరి అద్భుతమైనా కావచ్చు, 5 దగ్గరి ధూళి నిండిన గెలాక్సీ అయినా కావచ్చు. ఆకాశంలో దాని చుట్టుపక్కల ఉన్న గెలాక్సీలు రెడ్‌షిఫ్ట్ 5 దగ్గరే గుంపుగా ఉన్నాయి కూడా. ఆ గుంపులో ఇదొకటి కాదని ఎలా చెప్పగలం?

2023 మార్చిలో పాబ్లో అరాబల్ హారో బృందం తలుపు తెరిచింది. 2 మైక్రాన్ల ప్రాంతంలో కోసినట్టు ఉండవలసిన అంచు లేదు. దానికి బదులు ఆక్సిజన్, హైడ్రోజన్‌ల ప్రకాశవంతమైన గీతలున్నాయి. రెడ్‌షిఫ్ట్ 4.9. దగ్గరిది, దుమ్ము పట్టినది. దుమ్ము నీలం కాంతిని ఆపేసింది కాబట్టి మొదటి పీరియడ్లకు ఆబ్సెంటైంది. ఆక్సిజన్, హైడ్రోజన్ గీతలు సరిగ్గా ఎర్ర ఫిల్టర్లలో పడి వాటిని ఉన్నదానికన్నా ప్రకాశంగా చూపించాయి. ఆ రెడ్‌షిఫ్ట్ దగ్గర మాత్రమే ఆ గీతలు అంత కుదురుగా ఫిల్టర్లలో కూర్చుంటాయి. రెడ్‌షిఫ్ట్ కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ మోసపోయేవారు కారు. ప్రకృతి పన్నిన ఇంత నేర్పైన వలలో పడినవాళ్ళను నేను తప్పు పట్టలేను. వాళ్ళు తమ లెక్క దాచలేదు, సరిచూసే సాధనం వచ్చినప్పుడు అడ్డుపడలేదు. అదే పరిశీలనలో, అరాబల్ హారో బృందం, స్టీవెన్ ఫింకెల్‌స్టైన్ తన కూతురి పేరు పెట్టుకున్న మైసీ గెలాక్సీని కూడా చూసింది. అది నిలిచింది. రెడ్‌షిఫ్ట్ 11.4, విశ్వానికి 39 కోట్ల ఏళ్ళ వయసప్పటిది.

రెండో కథ నా కాగితం మీదిదే. దాని పేరు జేడ్స్-జీఎస్-జెడ్14-0. జేడ్స్ అనే ఇంకో పరిశీలన బృందానికి ఈ మచ్చ దొరికినప్పుడు వాళ్ళకు సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ కలిగింది. అంత దూరానికి మితిమీరిన ప్రకాశం. పైగా పక్కనే, అంచులు రాసుకునేంత దగ్గరగా, చాలా ముందు నిలబడి ఉన్న ఇంకో గెలాక్సీ. ఏడు చదరాల్లోనూ హాజరైనదని మొదట్లో చెప్పానే, అదే. ఈ మచ్చ దాని తునక కాదని నమ్మకమేమిటి? సీర్స్-93316 నేర్పిన పాఠం అప్పటికి పచ్చిగానే ఉంది. ఈ వరుసలో ఇంకా చాలామంది వేషధారులున్నారు. మన పాలపుంతలోనే తిరిగే గోధుమ మరుగుజ్జులు, అంటే నక్షత్రం కాబోయి కాలేకపోయిన చల్లటి గోళాలు, ఫిల్టర్లలో కొన్నిసార్లు అచ్చం ఇలాగే కనిపిస్తాయి. కాస్మిక్ కిరణం తగిలి డిటెక్టర్ మీద పడే మరకలు సరే సరి.

2024 జనవరిలో వెబ్ ఈ మచ్చ కాంతిని దాదాపు పది గంటలు పోగుచేసింది. అంచు ఉంది. 1.86 మైక్రాన్ల దగ్గర, ఇటు కాంతి, అటు శూన్యం. రెడ్‌షిఫ్ట్ 14.32. స్టెఫానో కార్నియానీ నాయకత్వంలోని బృందం ఆ ఏడాది మే నెలలో ప్రకటించింది. నా కాగితం అంచున పెన్సిలుతో ఆ అంకె రాసుకున్నాను. గెలాక్సీ అడ్డుకొలత 1,600 కాంతి సంవత్సరాలకు పైనే. ఒకే చుక్కలా కాక, అంత మేర పరుచుకుని ఉంది కాబట్టి ఆ వెలుగు ఒక్క కృష్ణబిలం చుట్టూ పుట్టింది కాదు, చాలామట్టుకు నక్షత్రాలదే. మొత్తం ద్రవ్యరాశి కొన్ని పదుల కోట్ల సూర్యులంత.

ఆ అంకెను ఏడాది తిరగకుండానే కొట్టేయవలసి వచ్చింది. చిలీలో, అటకామా ఎడారిలో, అయిదు వేల మీటర్ల ఎత్తున ఆల్మా అనే 66 యాంటెన్నాల రేడియో టెలిస్కోప్ ఉంది. రెండు బృందాలు విడివిడిగా దాని సమాచారాన్ని చూసి, ఈ గెలాక్సీలో ఆక్సిజన్ గీతను పట్టుకున్నాయని 2025 మార్చిలో తెలిసింది. గెలాక్సీ దగ్గర 88 మైక్రాన్లుగా బయల్దేరిన ఆ కాంతి మనకు 1.34 మిల్లీమీటర్లయి చేరింది. హైడ్రోజన్ అంచు దూరం నుంచి నిటారుగానే కనిపిస్తుంది గానీ, గెలాక్సీ చుట్టూ దట్టంగా ముసిరిన హైడ్రోజన్ ఆ అంచును కొంచెం అరగదీసి పక్కకు జరుపుతుంది. ఆక్సిజన్ గీతకు ఆ బెడద లేదు, సూది మొన దించినట్టు ఉంటుంది. దాని లెక్క 14.18. పెన్సిలు గీతతో 14.32 కొట్టేసి పక్కన 14.18 రాశాను.

దూరం సరిదిద్దుకోవడం కన్నా ఆ గీత చెప్పిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ కుదిపింది. మహావిస్ఫోటంలో పుట్టినవి హైడ్రోజన్, హీలియం, పిసరంత లిథియం. ఆక్సిజన్ అప్పుడు పుట్టలేదు. అది నక్షత్రాల కడుపులో ఉడికి, ఆ నక్షత్రాలు పేలి చచ్చినప్పుడు బయటికి వస్తుంది. విశ్వానికి 30 కోట్ల ఏళ్ళు నిండకముందే ఆక్సిజన్ ఉందంటే, ఆ మచ్చలో ఒక తరం నక్షత్రాలు పుట్టి, వెలిగి, పోయాయన్నమాట. బాగా బరువైన నక్షత్రాలు కొన్ని పదుల లక్షల ఏళ్ళలోనే ఆయువు తీరిపోతాయి కాబట్టి అది అసాధ్యం కాదు. అయినా అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ, దాదాపు పదింతలు బరువు మూలకాలు అక్కడ ఉన్నాయి. మనం చూస్తున్నది తొలి వెలుగు అనుకున్నాం. అది తొలి వెలుగు కాదు, దానికంటే ముందు ఇంకో ఉదయం అయిపోయింది.

అంత ప్రకాశవంతమైన గెలాక్సీలు అంత త్వరగా ఎలా తయారయ్యాయన్నది ఇప్పటికీ తెగని చిక్కు. వెబ్ వెళ్ళకముందు వేసిన లెక్కల ప్రకారం అక్కడ ఇంత వెలుగు ఉండకూడదు. నక్షత్రాలు నిలకడగా కాక ఉన్నట్టుండి జాతరలా ఒక్కసారిగా పుట్టేవని కొందరంటారు. ధూళి ఇంకా లేదు కాబట్టి పుట్టిన వెలుగంతా బయటికి వచ్చేదని కొందరు. వాయువులో ఎక్కువ భాగం నక్షత్రాలుగా మారిపోయేదని ఇంకొందరు. మూడూ కొంత కొంత నిజం కావచ్చని నాకనిపిస్తుంది.

కొంచెం ఇటు, మన వైపు చూద్దాం. 2015 సెప్టెంబర్ 28న సూళ్ళూరుపేట పక్కనున్న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మోసుకెళ్ళిన ఆస్ట్రోశాట్‌లో 38 సెంటీమీటర్లు కూడా నిండని అతినీలలోహిత టెలిస్కోపులు రెండున్నాయి. పుణెలోని ఐయూకా సంస్థ శాస్త్రజ్ఞుడు కనక్ సాహా 2016 అక్టోబర్‌లో, హబుల్ లోతుగా చూసిన చోటునే దానితో 28 గంటలకు పైగా చూశాడు. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరపు ఒక గెలాక్సీ నుంచి, హైడ్రోజన్ మింగేయవలసిన తీవ్ర అతినీలలోహిత కాంతి తప్పించుకుని వచ్చి ఆ చిన్న అద్దంలో పడింది. హబుల్ అద్దం దీనికన్నా ఆరింతలు వెడల్పు. అయినా ఆ కాంతి ఆస్ట్రోశాట్‌కే చిక్కింది, కారణం దీని డిటెక్టర్‌లో వృథా చప్పుడు చాలా తక్కువ. ఆ కాంతి నిజంగా ఆ గెలాక్సీదేనని తేల్చుకోవడానికి బృందానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. 2020లో ప్రకటించారు.

ఈ సంగతి మన కథకు ముఖ్యం. తొలినాటి హైడ్రోజన్ మంచు ఇప్పుడు లేదు. విశ్వానికి వంద కోట్ల ఏళ్ళు వచ్చేసరికి విడిపోయింది. దాన్ని విడగొట్టింది గెలాక్సీల నుంచి తప్పించుకున్న ఇలాంటి కాంతే అని నమ్ముతున్నాం. కానీ అది ఎలా తప్పించుకుందో అతి దూరపు గెలాక్సీల్లో నేరుగా చూడలేం, దారిలో హైడ్రోజన్ మింగేస్తుంది. దగ్గరి గెలాక్సీల్లోనే చూసి తెలుసుకోవాలి.

అనుమానించే పనిలో కూడా మనవాళ్ళకు భాగముంది. తొలి నక్షత్రాల కాలపు హైడ్రోజన్ నుంచి రేడియో సంకేతం దొరికిందని ఆస్ట్రేలియాలో నెలకొల్పిన ఎడ్జెస్ అనే పరికరం వాళ్ళు 2018లో ప్రకటించారు. సరిచూడడానికి బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ తాను తయారుచేసిన సారస్ అనే యాంటెన్నాను వాడింది. నేల మీద పెడితే కింది మట్టి పొరలు కొలతను పాడుచేస్తాయి. అందుకని 2020లో దాన్ని తెప్ప మీద పెట్టి కర్ణాటకలో దండిగానహళ్ళి చెరువులోనూ, శరావతి వెనక జలాల్లోనూ తేలించారు. ఆ సంకేతం వాళ్ళకు కనిపించలేదు. 2022లో ఆ మాటే ప్రచురించారు. విశ్వం తొలి వేకువ కోసం చెరువు మధ్యలో తేలుతున్న ఆ తెప్ప బొమ్మను నేను మర్చిపోలేను.

2025 మేలో అతి దూరపు గెలాక్సీ రికార్డు మళ్ళీ మారింది. మామ్-జెడ్14 అనే గెలాక్సీ, రెడ్‌షిఫ్ట్ 14.44, విశ్వానికి 28 కోట్ల ఏళ్ళ వయసప్పటిది. కనిపెట్టిన బృందానికి నాయకుడు ఆ రోహన్ నాయుడే, 2022లో రెడ్‌షిఫ్ట్ 17 కాకపోవచ్చని హెచ్చరించినవాడు. ఆ పరిశీలన కార్యక్రమానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'మిరాజ్ ఆర్ మిరకిల్'. ఎండమావా, అద్భుతమా అని.

నా బల్ల మీద ఈ మధ్య రెండో కాగితం చేరింది. సీర్స్ ఫొటోల్లోనే దొరికిన మచ్చ, దానికి కాపోటౌరో అని పేరు పెట్టారు. వరుసగా చదరాలన్నీ ఖాళీ. 3.56 మైక్రాన్ల ఫిల్టర్‌లో కూడా ఏమీ లేదు. 4.1 మైక్రాన్ల చదరంలో ఉంది, 4.4లో ఉంది, అంతే. హైడ్రోజన్ అంచే దీనికి కారణమైతే రెడ్‌షిఫ్ట్ 32 దగ్గర ఉండాలి, అంటే విశ్వానికి పది కోట్ల ఏళ్ళు కూడా లేనప్పటిది. లేదా మన పాలపుంతలోనే తిరుగుతున్న, మన గదిలోని వేడిమి కూడా లేని ఒక గోధుమ మరుగుజ్జు కావచ్చు. రెండూ ఆ ఫొటోల్లో ఒకేలా కనిపిస్తాయి. కాగితం అంచున పెన్సిలుతో ఇంకా ఏ అంకే వేయలేదు.